ఖాళీకీ గోడకీ మధ్య

రెండు లోహపు పలకలు తీసుకుందాం. ఒక్కొక్కటి సెంటీమీటరు పొడవు, సెంటీమీటరు వెడల్పు. అద్దంలా నున్నగా మెరుగు పెట్టినవి. వాటిని ఎదురెదురుగా నిలిపి మధ్యలో సన్నటి సందు వదులుదాం. చుట్టూ ఉన్న గాలి మొత్తం తోడేద్దాం. పలకల మీద విద్యుదావేశం లేకుండా చూద్దాం. దగ్గర్లో అయస్కాంతం ఉండకూడదు. చీకటి చేసేద్దాం. వేడిని కూడా వీలైనంత తీసేద్దాం.

ఇప్పుడు ఆ సందులో ఏముంది? ఏమీ లేదనే అంటాం. పలకల మధ్య గురుత్వాకర్షణ ఉంటుంది, నిజమే. కానీ ఇంత చిన్న వస్తువుల మధ్య అది లెక్కకు రానంత తక్కువ. దాన్ని పక్కన పెడితే ఆ రెండు పలకలకూ ఒకదానితో ఒకదానికి పనేమీ లేదు.

అయినా అవి ఒకదాన్నొకటి దగ్గరికి లాక్కుంటాయి. సందు ఇరుకయ్యే కొద్దీ లాగుడు పెరుగుతుంది. 1948లో హెండ్రిక్ కాసిమిర్ అనే డచ్ భౌతిక శాస్త్రవేత్త కాగితం మీద లెక్కగట్టి ఈ సంగతి చెప్పారు. అందుకే దీన్ని కాసిమిర్ బలం అంటారు.

అసలు ఈ బలం ఎంతో ముందు చూద్దాం. పలకల మధ్య ఎడం ఒక మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకుందాం. అప్పుడు లాగుడు సుమారు 13 మైక్రోగ్రాముల బరువుతో సమానం. బియ్యపు గింజ ఒకటి 20 మిల్లీగ్రాములు తూగుతుందనుకుంటే, ఆ గింజను పదిహేను వందల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క బరువు. దీన్ని ఎవరైనా ఎందుకు పట్టించుకోవాలి?

ఎడాన్ని పదో వంతుకు తగ్గిద్దాం. అంటే 100 నానోమీటర్లు (నానోమీటరు అంటే మైక్రానులో వెయ్యో వంతు). ఇప్పుడు లాగుడు 130 మిల్లీగ్రాముల బరువంత అవుతుంది. ఆరేడు బియ్యపు గింజలు. ఇంకో పదో వంతుకు, 10 నానోమీటర్లకు తగ్గిస్తే కాసిమిర్ సూత్రం ఇచ్చే జవాబు కిలోంపావు పైమాటే. గోరంత పలక, కిలోంపావు బరువు. నిజమైన లోహాల్లో అంత దగ్గర్లో బలం ఈ లెక్క కన్నా బాగా తక్కువ ఉంటుంది. ఎందుకో తర్వాత చూద్దాం. పోకడ మాత్రం అదే. ఎడం పదో వంతైతే బలం పది వేల రెట్లు. మన చేతికీ కంటికీ తెలిసే ప్రపంచంలో ఈ బలం ఎన్నడూ ఎదురుపడకపోవడానికీ, నానో వస్తువుల ప్రపంచంలో తప్పించుకోలేనిది కావడానికీ కారణం ఒకటే, ఈ పది వేల రెట్లు.

ఇక్కడే ఒక పొరపాటుకు తావుంది. తడిసిన రెండు గాజు పలకలు అతుక్కుంటే విడదీయడం కష్టం. అది ఈ బలం కాదు. అక్కడ పని చేసేది మధ్యనున్న నీటి పొర. కాసిమిర్ బలానికి మధ్యలో ఏ పొరా అక్కర్లేదు.

మరి ఏమీ లేని చోట ఈ బలం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ముందు ‘ఏమీ లేదు’ అన్న మాటను కాస్త తరచి చూడాలి. గోడ గడియారపు లోలకాన్ని ఊహించుకోండి. ఊగుతూ ఊగుతూ చివరికి ఆగిపోతుంది. మన లెక్కలో ఆగడమంటే సరిగ్గా మధ్యలో, సరిగ్గా కదలకుండా ఉండడం. క్వాంటం నియమాలు దీన్ని ఒప్పుకోవు. 1927లో హైజెన్‌బర్గ్ చెప్పిన అనిశ్చితి సూత్రం ప్రకారం, ఏ వస్తువుకైనా స్థానమూ వేగమూ రెండూ ఒకేసారి ఖచ్చితంగా తేలి ఉండవు. ‘సరిగ్గా ఇక్కడ, సరిగ్గా సున్నా వేగంతో’ అన్నది ప్రకృతిలో లేని స్థితి. కాబట్టి ఊగే ప్రతి వస్తువుకూ ఎంత చల్లార్చినా పోని కాస్త కదలిక మిగులుతుంది. దానికుండే శక్తిని శూన్య బిందు శక్తి (తీసేయగలిగిందంతా తీసేశాక మిగిలే కనీస శక్తి) అంటారు. పెద్ద లోలకానికి అది మనం గుర్తుపట్టలేనంత తక్కువ. అణువుల స్థాయిలో గుర్తుపట్టవచ్చు.

దీనికి నాకు బాగా నచ్చే సాక్ష్యం హీలియం. ప్రపంచంలో ఏ ద్రవాన్నైనా తగినంత చల్లారిస్తే గడ్డకడుతుంది. హీలియం కట్టదు. మామూలు వాతావరణ పీడనంలో ఉంచి ఉష్ణోగ్రతను పరమ శూన్యం (అంతకన్నా చల్లార్చే వీలులేని హద్దు) దాకా తీసుకెళ్లినా ద్రవంగానే ఉంటుంది. దాని పరమాణువులు తేలిక. వాటి మధ్య పట్టు బలహీనం. మిగిలిపోయిన ఆ కనీస కదలికే వాటిని వరుసలో కుదురుగా కూర్చోనివ్వదు. గడ్డకట్టించాలంటే పాతిక వాతావరణాల పీడనంతో అదిమి పట్టాలి.

ఇప్పుడు శూన్యానికి వద్దాం. వెలుతురు విద్యుదయస్కాంత క్షేత్రంలో ఊగే అల. రేడియో తరంగమూ అంతే, ఎక్స్ కిరణమూ అంతే. పౌనఃపున్యాలే (సెకనుకు ఎన్ని ఊపులో ఆ లెక్క) వేరు. ఆ క్షేత్రం అంతటా పరుచుకుని ఉంటుంది. దానిలో సాధ్యమయ్యే ప్రతి అలా ఒక చిన్న లోలకం లాంటిదే. వెలుతురంతా ఆర్పేస్తే ఆ లోలకాలన్నీ ఆగిపోవాలి. కానీ లోలకం పూర్తిగా ఆగదని ఇప్పుడే చూశాం. కాబట్టి చీకట్లో, శూన్యంలో కూడా ప్రతి అలకూ కనీస కదలిక మిగిలి ఉంటుంది. సగటు చూస్తే క్షేత్రం సున్నాయే. కానీ ఆ సున్నా చుట్టూ అది ఎప్పుడూ అటూ ఇటూ తొణుకుతూనే ఉంటుంది. శూన్యపు హెచ్చుతగ్గులంటే ఇవే. శూన్యంలోంచి ఏదో ఉబికి వస్తోందని కాదు, శూన్యానికి అంతకన్నా నిశ్చలంగా ఉండే వీలు లేదని దీని అర్థం.

ఈ హెచ్చుతగ్గులు అన్నిచోట్లా ఒకేలా ఉంటే మనకు వాటి జాడే తెలియదు. చేపకు నీళ్లు ఉన్నట్టు తెలియనట్టే. తెలియాలంటే ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉండాలి. ఆ తేడాను పలకలు తెస్తాయి.

వీణ తీగను చూడండి. ఒక కొస మెట్టు మీద, ఇంకో కొస గుర్రం మీద ఆని ఉంటాయి. మీటినప్పుడు మధ్యలో ఎంత ఊగినా ఆ రెండు కొసలూ కదలవు. అందుకే తీగ మీద ఏ అల పడితే ఆ అల నిలవదు. రెండు కొసల మధ్య సగం అలలు పూర్తి సంఖ్యలో ఇమడాలి. ఒకటి, రెండు, మూడు, అంతే. రెండున్నర కుదరదు. వేలిని కింది మెట్టుకు జరిపితే ఇమిడే అలల పట్టిక మొత్తం మారిపోతుంది. స్వరం మారడమంటే అదే.

లోహపు పలకలు విద్యుదయస్కాంత క్షేత్రానికి సరిగ్గా ఆ మెట్టూ గుర్రమూ లాంటివి. లోహంలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. పలక ఉపరితలం వెంబడి విద్యుత్ క్షేత్రం ఏర్పడబోతే, అవి వెంటనే సర్దుకుని దాన్ని రద్దు చేస్తాయి. అంటే అల కొస అక్కడ కదలకుండా కట్టేసినట్టు అవుతుంది. అప్పుడు రెండు పలకల మధ్య సందులో సరిగ్గా ఇమిడే అలలకే చోటు. సందుకు రెట్టింపు కన్నా పొడవైన అలలు, పలకల మధ్య అటూ ఇటూ నిలిచే తీరులో అసలు ఉండలేవు. బయట మాత్రం ఏ అలకూ అడ్డు లేదు.

ఇప్పుడు లెక్క తేలిక, కనీసం మాటల్లో. లోపలి అలల కనీస శక్తులన్నీ కలపాలి. పలకలు లేకపోతే అదే చోట ఎంత ఉండేదో కలపాలి. రెండిటి తేడా చూడాలి. సందు తగ్గే కొద్దీ ఆ తేడా సున్నా కన్నా కిందికి, ఇంకా కిందికి దిగుతుంది. శక్తి తగ్గే వైపు వస్తువులు జరుగుతాయి. రాయి పల్లానికి దొర్లడానికీ కారణం అదే. కాబట్టి పలకలు దగ్గరవుతాయి.

అంకెల్లో మాత్రం అంత తేలిక కాదు. లోపలి మొత్తమూ అనంతమే, బయటి మొత్తమూ అనంతమే. అనంతంలోంచి అనంతం తీసేస్తే ఎంత? ఈ ప్రశ్న దగ్గర చాలామంది పాఠకులకు అనుమానం వస్తుంది, రావాలి కూడా. జవాబు భౌతిక శాస్త్రంలోనే ఉంది. ఎక్స్ కిరణాలు పలచటి లోహపు రేకులోంచి దూసుకుపోతాయి. అంతకన్నా పొట్టి అలలకు పలక ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. కాబట్టి బాగా పొట్టి అలల వాటా లోపలా బయటా సమానం, తీసివేతలో అది ఎగిరిపోతుంది. మిగిలేది సందుతో పోల్చదగ్గ పొడవున్న అలల వాటా. అది పరిమితమైన అంకె. సందు కన్నా బాగా పొట్టి అలల వాటాను ఒక్కసారిగా కాక క్రమంగా తగ్గిస్తూ పోతే, ఏ తీరులో తగ్గించినా మిగిలే అంకె మారదు. కాసిమిర్ ఈ తీసివేతను ఆయిలర్, మెక్లారిన్ల పేరుతో ఉన్న పాత గణిత సూత్రంతో చేశారు.

ఇక్కడ మన రామానుజన్ గుర్తుకు రాకుండా ఉండరు. 1, 2, 3 ఇలా అంతులేకుండా కూడుకుంటూ పోతే వచ్చే విలువ ఋణ పన్నెండో వంతు అని ఆయన 1913లో గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరంలో పేర్కొన్నారు. మామూలు కూడికగా చూస్తే అది అర్థం లేని మాట. కానీ పై తరహా తీసివేతలో, తీసేయగా మిగిలేది ఎంత అని అడిగితే సరిగ్గా ఆ తరహా అంకెలే వస్తాయి. ఒక్క దిశలోనే సాగే తీగ లాంటి నమూనాలో కాసిమిర్ శక్తికి ఈ పన్నెండో వంతే ఆధారం. మన మూడు దిశల లోకంలో అంకెల ఘనాలు కూడాలి. దానికి వచ్చే విలువ నూట ఇరవయ్యో వంతు. కాసిమిర్ సూత్రంలో హారంగా కనిపించే 240 ఆ 120కి రెట్టింపే.

సూత్రంలో ఇంకో విశేషం ఉంది. పలక వైశాల్యాన్ని పక్కన పెడితే బలం విలువకు కావలసినవి మూడే: పలకల మధ్య ఎడం, కాంతి వేగం, క్వాంటం లోకానికి గుర్తయిన ప్లాంక్ స్థిరాంకం. పలక రాగిదా బంగారానిదా అన్న ప్రశ్నే లేదు. ఎలక్ట్రాన్ ఆవేశం ఎంతో కూడా అక్కర్లేదు. అందుకే ఇది శూన్యం ఒక్కటే చేసే పని అన్నట్టు అనిపిస్తుంది. చాలా పుస్తకాలు ఈ మాటతోనే ఆగిపోతాయి. నా ఉద్దేశంలో ఇక్కడ ఆగితే సగమే తెలిసినట్టు. మిగతా సగం తెలియాలంటే ఈ లెక్క ఎక్కడ పుట్టిందో చూడాలి.

అది శూన్యం గురించిన ఆలోచనతో పుట్టలేదు. ద్రవంలో తేలే పొడి గురించిన పనిలో పుట్టింది. కాసిమిర్ అప్పుడు నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో, బల్బులూ రేడియోలూ తయారుచేసే ఫిలిప్స్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేసేవారు. అక్కడే ఓవర్‌బీక్, వెర్వే అనే శాస్త్రవేత్తలు కొల్లాయిడ్లను (ద్రవంలో కరగకుండా తేలాడే సన్నటి రేణువుల మిశ్రమాలను) పరిశీలించేవారు. రంగు డబ్బాను కదపకుండా ఉంచితే రేణువులు అడుగున చేరి ముద్దకట్టడం మనకు తెలిసిందే. రేణువులు విడివిడిగా తేలాలా, అతుక్కుని ముద్దకట్టాలా అన్నది వాటి మధ్య ఆకర్షణ ఎంత దూరం పనిచేస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ ఆకర్షణకు వాండర్‌వాల్స్ బలమని పేరు. పరమాణువులో ఎలక్ట్రాన్లు అటూ ఇటూ తొణికినప్పుడు క్షణకాలం ఒక పక్క ఋణావేశం, ఇంకో పక్క ధనావేశం ఏర్పడతాయి. ఆ ప్రభావంతో పక్క పరమాణువులోనూ ఎలక్ట్రాన్లు జరుగుతాయి. రెండూ ఒక తాళంలో తొణుకుతూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. 1930లో లండన్ అనే శాస్త్రవేత్త దీన్ని లెక్కగట్టారు. దూరం రెట్టింపైతే ఈ ఆకర్షణ శక్తి 64వ వంతుకు పడిపోతుందన్నారు.

ప్రయోగాల్లో దూరం పెరిగే కొద్దీ ఆకర్షణ అంతకన్నా వేగంగా పడిపోతున్నట్టు ఓవర్‌బీక్‌కు అనిపించింది. కారణం కాంతి వేగం కావచ్చని ఆయన అనుమానించారు. ఒక పరమాణువు తొణికిన కబురు రెండోదానికి చేరడానికీ, దాని జవాబు తిరిగి రావడానికీ కాస్త సమయం పడుతుంది. దూరం ఎక్కువైతే జవాబు వచ్చేసరికి మొదటి పరమాణువు అప్పటికే ఇంకోవైపు తొణికి ఉంటుంది. తాళం తప్పుతుంది, పట్టు సడలుతుంది. కాసిమిర్, ఆయన సహోద్యోగి డిర్క్ పోల్డర్ కలిసి ఈ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకున్నారు. పెద్ద ఎడాల్లో దూరం రెట్టింపైతే శక్తి 128వ వంతుకు పడిపోతుందని తేలింది. లెక్క నానా తంటాల మీద సాగింది గానీ జవాబు మాత్రం చాలా సరళంగా వచ్చింది. ఇంత సరళమైన జవాబుకు సరళమైన కారణం కూడా ఉండాలని కాసిమిర్‌కు తోచింది. కోపెన్‌హాగన్‌లో నీల్స్ బోర్‌తో నడుస్తూ ఈ సంగతి చెబితే, దీనికీ శూన్య బిందు శక్తికీ సంబంధం ఉండొచ్చని బోర్ సూచించారని కాసిమిర్ తర్వాత గుర్తుచేసుకున్నారు. ఆ సూచన పట్టుకుని వెళితే పరమాణువులు పోయి పలకలు వచ్చాయి, పలకల మధ్య శూన్యం వచ్చింది.

అంటే ఒకే బలానికి రెండు వర్ణనలు. పదార్థంలో తొణికే ఆవేశాలు క్షేత్రం ద్వారా ఒకదాన్నొకటి లాక్కుంటాయన్నది మొదటిది. క్షేత్రం తాలూకు కనీస కదలికను పలకలు మార్చేస్తాయన్నది రెండోది. 2005లో అమెరికాలోని ఎంఐటీకి చెందిన రాబర్ట్ జాఫ్, శూన్య బిందు శక్తి ప్రస్తావనే లేకుండా ఈ బలాన్ని లెక్కగట్టవచ్చని గుర్తుచేశారు. ఎలక్ట్రాన్ ఆవేశం సున్నా అయితే బలం కూడా సున్నా అవుతుందని చూపారు. మరి సూత్రంలో ఆవేశం ఎందుకు కనిపించదు? కాసిమిర్ తన పలకలను ఏ అలనైనా పూర్తిగా తిప్పికొట్టే ఆదర్శ లోహంగా తీసుకున్నారు. ఆ ఒక్క ఊహతోనే ఆవేశం లెక్కలోంచి కనబడకుండా పోయింది. పలకలను నిజమైన లోహంతో చేస్తే అది మళ్లీ పైకి వస్తుంది. బంగారం ఒక హద్దు దాటిన పొట్టి అలలను సరిగా తిప్పికొట్టలేదు. సందు 10 నానోమీటర్లకు తగ్గితే లెక్కలో ముఖ్యమయ్యేవి ఆ పొట్టి అలలే. అందుకే నిజమైన బలం సూత్రం చెప్పిన కిలోంపావుకు చేరదు.

కాబట్టి ‘శూన్యం పలకలను నెడుతుంది’ అనే మాటను పట్టుకుని మరీ దూరం వెళ్లకూడదని నేను అనుకుంటాను. శూన్యం ఒంటరిగా ఏమీ చేయదు. గోడ ఉంటేనే బలం. గోడ ఎలాంటిదైతే బలం అలాంటిది. ఈ రెండో వాక్యం వల్లే నేటి పరిశోధన సాధ్యమవుతోంది. గోడను మనం మార్చగలం కదా.

కానీ మార్చడం కన్నా ముందు కొలవాలి. ఆ పనికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. 1958లో ఫిలిప్స్‌లోనే స్పార్నే అనే శాస్త్రవేత్త ప్రయత్నించారు. ఆకర్షణ ఉన్నట్టే కనిపించింది గానీ, కొలతలో తప్పుకు అవకాశం కొలిచిన విలువంత ఉంది. ఇబ్బందులు అలాంటివి. రెండు చదునైన పలకలను మైక్రాను ఎడంలో సరిగ్గా సమాంతరంగా నిలపడం దుర్లభం. మధ్యలో ఒక్క దుమ్ము రేణువు పడితే అంతా పాడు. వెంట్రుక మందమే 80 మైక్రాన్ల దాకా ఉంటుందని గుర్తుపెట్టుకుంటే ఆ పని ఎంత సున్నితమో తెలుస్తుంది. పలకల మీద అక్కడక్కడా మిగిలిపోయే కొద్దిపాటి విద్యుత్ పీడనం కూడా అసలు బలాన్ని కప్పేస్తుంది.

సమాంతరం చిక్కును వదిలించుకోవడానికి ఒక పలక బదులు గోళాన్ని వాడారు. గోళం ఎటు తిరిగినా గోళమే కదా. 1997లో సియాటెల్‌లో స్టీవ్ లామరో ఈ దారిలో, మెలితిరిగే సన్నటి తీగకు వేలాడదీసిన త్రాసుతో, ఐదు శాతం తేడాలో బలాన్ని కొలిచారు. మరుసటి ఏడాది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని రివర్‌సైడ్‌లో ఉమర్ మొహిదీన్, అనుశ్రీ రాయ్ దాన్ని ఒక శాతానికి తెచ్చారు.

వారి అమరిక చూడదగ్గది. ఈత కొలనులో దూకడానికి ఉండే పలకలాంటి చిన్న పట్టె. కంటికి ఆననంత సన్నం. దాని కొసకు సుమారు 200 మైక్రాన్ల వ్యాసమున్న ప్లాస్టిక్ గోళం అంటించారు. మీద అల్యూమినియం పూత. ఎదురుగా అదే పూతతో నున్నటి పలక. పట్టె వెనుక వైపు పడిన లేజర్ కిరణం తిరిగి వెళ్లి దూరంగా ఉన్న గ్రాహకం మీద చుక్కగా పడుతుంది. పలకను గోళం వైపు నెమ్మదిగా జరుపుతారు. ఎడం 900 నానోమీటర్లున్నప్పుడు చుక్క దాదాపు కదలదు. 300, 200, 100 అలా తగ్గుతుంటే పట్టె పలక వైపు వంగుతుంది, చుక్క పక్కకు జరుగుతుంది. ఎంత జరిగిందో కొలిస్తే బలం తెలుస్తుంది. 100 నానోమీటర్ల దగ్గర అది వంద పికోన్యూటన్ల (న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతు ఒక పికోన్యూటన్) స్థాయి. ఆ చుక్క జరిగిన తీరు లెక్క గీసిన గీతతో కలిసిపోయింది.

కొలతలు ఇంత సూక్ష్మమయ్యాక కొత్త పేచీ కూడా బయటపడింది. లోహంలో ఎలక్ట్రాన్లు తిరిగేటప్పుడు కాస్త శక్తి వేడిగా పోతుంది. దాన్ని లెక్కలో చేర్చడం న్యాయం. కానీ బంగారంతో జాగ్రత్తగా చేసిన కొన్ని ప్రయోగాలు, దాన్ని చేర్చని లెక్కతోనే బాగా సరిపోయాయి. ఎందుకన్నది ఇంకా వాదనలోనే ఉంది.

మన ఇంటి గోడకు వద్దాం. బల్లి నున్నటి గోడ మీద తలకిందులుగా ఎలా నిలుస్తుంది? దాని వేళ్ల కింద సన్నటి వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక కొస వందలుగా చీలి ఉంటుంది. ఒక్కో చీలిక కొస వెడల్పు సుమారు 200 నానోమీటర్లు ఉంటుంది. జిగురు లేదు. అమెరికాలో టోకే అనే పెద్ద బల్లుల మీద చేసిన పరిశోధన 2002లో వెలువడింది. నీటిని ఇష్టపడే ఉపరితలం మీదా, నీటిని విదిలించే ఉపరితలం మీదా అవి ఒకేలా పట్టు నిలుపుకున్నాయి. అంటే తడి ముఖ్యం కాదు, దగ్గరితనం ముఖ్యం. వాండర్‌వాల్స్ బలానికి అది గట్టి సాక్ష్యం. దూరం పెరిగి, కబురు ఆలస్యం లెక్కలోకి వస్తే అదే బలాన్ని కాసిమిర్ బలం అంటాం. పేర్లు రెండు, కుటుంబం ఒకటి.

ఈ కుటుంబాన్ని ఒకే లెక్కలోకి తెచ్చినవారు సోవియట్ శాస్త్రవేత్త లిఫ్షిట్జ్, 1950లలో. ఆదర్శ లోహం బదులు ఆయన నిజమైన పదార్థాలను తీసుకున్నారు. ఏ పదార్థం ఏ పౌనఃపున్యపు అలకు ఎంతగా స్పందిస్తుందో తెలిస్తే చాలు, బలం చెప్పవచ్చు. తర్వాత 1961లో జ్యాలోషిన్‌స్కీ, పిటాయెవ్‌స్కీలతో కలిసి మధ్యలో శూన్యం బదులు ద్రవం ఉన్నా ఏమవుతుందో లెక్కగట్టారు. ఇందాకటి హీలియం ఇక్కడ మళ్లీ వస్తుంది. ద్రవ హీలియం పాత్ర గోడల మీదికి పలచటి పొరగా పాకుతుంది. ఆ పొర మందాన్ని 1973లో కొలిచి చూస్తే ఈ సిద్ధాంతం చెప్పిన దానికి చక్కగా సరిపోయింది.

ద్రవం చేరిస్తే ఇంకో వింత సాధ్యమని ఆ లెక్క చెప్పింది. ఆకర్షణ వికర్షణగా మారవచ్చు. నీళ్లలో ముంచిన చెక్క ఎందుకు పైకి వస్తుందో ఆలోచించండి. భూమి చెక్కను పైకి నెట్టదు. నీటిని చెక్క కన్నా గట్టిగా లాగుతుంది. నీరు కిందికి చేరాలని చూస్తుంది, చెక్క పైకి జరగాల్సి వస్తుంది. ఇక్కడా అంతే. బంగారపు గోళానికీ గాజు లాంటి సిలికా పలకకూ మధ్య బ్రోమోబెంజీన్ అనే ద్రవం నింపితే, ఆ ద్రవం స్పందన బంగారం కన్నా తక్కువ, సిలికా కన్నా ఎక్కువ. బంగారానికి సిలికా కన్నా ఆ ద్రవం మీదే ఆకర్షణ ఎక్కువ. ద్రవం సందులోకి చేరుతుంది, సిలికా దూరం జరుగుతుంది. 2009లో మండే, కపాసో, పర్సెజియన్ అనే శాస్త్రవేత్తలు ఈ వికర్షణను ప్రయోగంలో కొలిచారు.

ఇదంతా ఇప్పుడెందుకు? మన యంత్రాలు ఆ ఎడాల దాకా దిగివచ్చాయి కనుక. ఫోన్‌ను పక్కకు తిప్పితే తెర కూడా తిరుగుతుంది. ఫోన్‌లో సిలికాన్‌తో చెక్కిన చిన్న ఊయల ఉండబట్టే అది సాధ్యం. ఆ ఊయలకూ దాని పక్క గోడకూ ఎడం ఒకటి రెండు మైక్రాన్లు. అలాంటి భాగాలు ఒకసారి తగిలితే అతుక్కుని మళ్లీ రావు. ఈ తయారీలో ఉన్నవారికి ఇది పాత తలనొప్పి. ఇప్పటి ఎడాల్లో ఆ అంటుకోవడానికి తేమ, విద్యుదావేశం పెద్ద కారణాలు. ఎడం 100 నానోమీటర్లకు దిగితే కాసిమిర్ బలం వాటి సరసన నిలుస్తుంది. తేమను ఆరబెట్టవచ్చు, ఆవేశాన్ని తీసేయవచ్చు. దీన్ని తీసేయడానికి స్విచ్ లేదు. 2001లో బెల్ పరిశోధనశాలలో సిలికాన్ ఊయల పలక ఒకదాన్ని ఈ బలంతోనే తిప్పి చూపారు. తప్పించుకోలేని దాన్ని పనికి వాడుకునే ఆలోచన అక్కణ్ణుంచి బలపడింది.

వేడికి కూడా ఈ బలం దారి చూపుతుంది. శూన్యంలోంచి వేడి కాంతి రూపంలోనే దాటాలని బడిలో చదువుకున్నాం. 2019లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు బంగారు పూత వేసిన రెండు పొరలను కొన్ని వందల నానోమీటర్ల ఎడంలో నిలిపారు. ఒక పొర కంపనం కాసిమిర్ బలం ద్వారా రెండోదాన్ని కంపింపజేసింది. వేడి అలా శూన్యాన్ని దాటింది. చిప్పుల్లో వేడి ఎటు పోతుందో లెక్క వేసేవారికి ఇది గమనించాల్సిన సంగతి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. శూన్యంలోంచి అంతులేని కరెంటు తీస్తామంటూ ఈ బలాన్ని చూపించేవారు ఉన్నారు. పలకలు దగ్గరయ్యేటప్పుడు కాస్త పని చేయించుకోవచ్చు, నిజమే. మళ్లీ విడదీయడానికి కనీసం అంతే పని మనం పెట్టాలి. కొండ మీది నుంచి దొర్లిన రాయిని తిరిగి పైకి మోసినట్టే. ఒక్కసారి దొర్లడం వల్ల వచ్చేది మిగులు కాదు.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో చామర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో చేసిన పని నాకు అన్నిటికన్నా ఇష్టం. అందులో శూన్యపు గదులు లేవు, అతిశీతల యంత్రాలు లేవు. సేంద్రియ లవణం కలిపిన నీళ్లు, మామూలు గది వేడి, అందులో తేలాడే నానోమీటర్ల మందపు బంగారు రేకులు. లవణం వల్ల రేకులకు ఒకే తరహా విద్యుదావేశం అబ్బుతుంది. అది వాటిని దూరంగా నెడుతుంది. కాసిమిర్ బలం దగ్గరికి లాగుతుంది. రెండు రేకులు ఒకదానికొకటి ఎదురై, తాకకుండా, 100 నుంచి 200 నానోమీటర్ల ఎడంలో కుదురుకుంటాయి. ఎవరూ పట్టి నిలపరు. లవణం పాళ్లు మార్చితే ఎడం మారుతుంది.

ఆ ఎడం ఎంతో తెలుసుకోవడానికి సూక్ష్మదర్శినిలో చూస్తే చాలు. రెండు బంగారు రేకుల మధ్య సందులో వీణ తీగ మీద లాగే ఇమిడే అలలకే చోటు కాబట్టి, ఎడాన్ని బట్టి దృశ్యకాంతిలో ఏదో ఒక రంగు అందులో నిలుస్తుంది. ఒక్క రేకు మామూలు బంగారు రంగులో ఉంటుంది. రెండోది వచ్చి దాని పైన కుదురుకోగానే అవి రెండూ కలిసిన మేర రంగు మారిపోతుంది.